వారంటీ పుస్తకంలో ఆ ఒక్క పేజీ

సంపాదక మహాశయా,

మా అబ్బాయి నిరుడు డీజిల్ కారు కొన్నాడు. ఏడాది తిరగకుండానే ‘పికప్ చాలదు’ అంటూ విజయవాడలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడి కుర్రవాడు స్టీరింగు కింద సాకెట్టుకు లాప్‌టాప్ తగిలించి, ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ మార్చి 28 వేలు తీసుకున్నాడు. రసీదు లేదు. కారు జోరుగానే పరిగెత్తింది, కాదనను.

ఆ తర్వాత అయిదో నెలలో టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) పోయింది. సర్వీసు సెంటరుకు వెళ్లే ముందు షెడ్డులో పాత ప్రోగ్రామే మళ్లీ ఎక్కించారు. కానీ ఎన్నిసార్లు తిరగరాశారో ఆ కంప్యూటరే లెక్క రాసుకుంటుందట! కంపెనీ లెక్కకూ దానికీ పొంతన కుదరలేదు. టర్బో ఖర్చు మా నెత్తినే పడింది. అదే రోజు కిటికీ అద్దం మోటారు మాత్రం వారంటీలోనే ఉచితంగా మార్చారు. అంటే వారంటీ మొత్తం పోలేదు, ఇంజిన్ వరకే పోయింది.

తప్పు మావాడిదే. అయితే ప్రోగ్రామ్ మారిస్తే ఇంజిన్‌కు వారంటీ చెల్లదన్న ఈ షరతు ఆంగ్ల పుస్తకంలో చీమతలకాయలంత అక్షరాల్లో ఉంది. తాళాలిచ్చేటప్పుడు దండవేసి ఫొటో తీసే డీలర్లు, ఆ పేజీని తెలుగులో అచ్చువేసి ఇవ్వలేరా?

– ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, తెనాలి