షుగర్ మాత్రలతో పాటు నాలుగు మాటలు కూడా ఇప్పించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నాన్నకు షుగర్ వచ్చి 14 ఏళ్లయింది, ఇన్సులిన్ మొదలుపెట్టి నాలుగేళ్లు. మీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక సిరంజి.

మన దగ్గర సీసాలో దొరికే ఇన్సులిన్ మామూలుగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ రంగు మూత ఉన్నది 100 యూనిట్ల ఇన్సులిన్‌కి. ఒకరోజు మందుల షాపులో ఎర్ర మూతది అయిపోయిందని నారింజ మూతది చేతిలో పెట్టారు. నాన్న ఎప్పటిలాగే 20 గీత దాకా లాగి పొడుచుకున్నారు. 20 యూనిట్లు పడ్డాయనుకున్నారు, పడింది 8. అలా రెండు నెలలు గడిచాయి. షుగర్ 300 నుంచి దిగలేదు. "నోరు కట్టుకోవు, దొంగచాటుగా స్వీట్లు తింటున్నావు" అని ఇంటిల్లిపాదీ ఆయన మీదే పడ్డాం. ఆయన ఏమీ అనలేక తలదించుకుని కూర్చునేవారు. ఆ మాటలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆస్పత్రిలో డోసు పెంచారు తప్ప సిరంజి ఏదని ఎవరూ అడగలేదు.

చివరకు వేరే పని మీద ఇంటికొచ్చిన ఏఎన్ఎం కిటికీలో ఉన్న సిరంజి చూసి, "ఇది ఎవరిచ్చారు బాబాయ్?" అంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె పక్కపక్కన పెట్టి చూపించింది. పెంచిన డోసును సరైన సిరంజితో తీసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుందని, ముందు డాక్టరు గారికి ఫోన్ చేసి, డోసు తగ్గించాకే కదిలింది. పావుగంట పని. అదే 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో తీసుకుంటే రెండున్నర రెట్ల మందు ఒంట్లోకి వెళ్తుంది. ప్రాణమే పోవచ్చు.

మీ శాఖ చేస్తున్నది తక్కువని నేననను. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైనప్పుడు 104 బండితో డాక్టరు ఊళ్లోకే రావడం చూశాం. 30 ఏళ్లు దాటిన వాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు చేస్తున్నారు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు ఉచితంగా అందుతున్నాయి. కానీ వాటితో పాటు వచ్చే మాట ఒక్కటే: "అన్నం తగ్గించండి, నడవండి." ఎంత తగ్గించాలి? చేలో రోజంతా వంగి కలుపు తీసిన మనిషి మళ్లీ నడవాలా? రాత్రి భోజనం ఎన్నింటికి? ఇవి అడిగే తీరికా ఉండదు, చెప్పే తీరికా ఉండదు.

మా పిన్ని శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. పొద్దున్నే గ్లిమెపిరైడ్ వేసుకుని, సాయంత్రం దాకా మంచినీళ్లతో గడిపేది. మధ్యాహ్నానికి చేతులు వణకడం, ఒళ్లంతా చెమటలు. నీరసమేలే అనుకుని పడుకునేది. అది షుగర్ పడిపోవడమని, 70 కంటే తగ్గితే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలని, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. భక్తి మానమని ఎవరూ అననక్కర్లేదు. ఆ రోజు మాత్ర సంగతి ముందే డాక్టరును అడగమంటే చాలు.

ఇక కాళ్లు. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నాన్న పాదాలను ఆస్పత్రిలో ఈ 14 ఏళ్లలో ఒక్కసారి చూశారు.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని అంచనా వేసింది. ఇంతమందికి డాక్టర్లే కూర్చుని నేర్పాలంటే కుదరదు. ఊళ్లోని హెల్త్ క్లినిక్‌లో సీహెచ్‌వో (క్లినిక్ చూసుకునే ఆరోగ్య అధికారి) ఉన్నారు, ఏఎన్ఎం, ఆశా ఉన్నారు. డ్వాక్రా సంఘాలు ఎలాగూ నెలనెలా కూర్చుంటాయి. ఆ కూటాల్లో ఒక అరగంట షుగర్‌కి ఇప్పించండి. కంచంలో సగం కూర, పావు వంతు అన్నం, పావు వంతు పప్పో గుడ్డో పెట్టి కళ్లకు కట్టినట్టు చూపిస్తే, చదువు రాని వాళ్లకీ అర్థమవుతుంది. అయితే ఆశాల నెత్తిన మరో రిజిస్టర్ పెట్టి ఇదంతా చేయించకండి. వాళ్లకు ముందు శిక్షణ ఇవ్వాలి, ఈ పనికి డబ్బూ ఇవ్వాలి.

ఇన్సులిన్ ఇచ్చే ప్రతి చోటా సీసాతో పాటే దానికి సరిపోయే సిరంజి ఇప్పించండి. ఇన్సులిన్ వాడే పేదలకు ఇంట్లో షుగర్ చూసుకునే స్ట్రిప్పులు ఉచితంగా ఇవ్వండి. కూలికి వెళ్లే ఇంట్లో రోజూ స్ట్రిప్పు కొనలేరు. ఏడాదికోసారైనా పాదాలు చూసే ఏర్పాటు పీహెచ్‌సీలో ఉండాలి. ఎంతమందికి పరీక్ష చేశామన్న లెక్కతో పాటు, ఎంతమందికి మూడు నెలల సగటు షుగర్ అదుపులో ఉందో కూడా మీ సమీక్షల్లో అడగండి. పై నుంచి ఏది అడిగితే కింద ఆ పనే జరుగుతుంది.

నాన్న ఇప్పుడు బాగున్నారు. మొన్న మా వీధిలో ఇన్సులిన్ తీసుకునే మరో ముగ్గురి ఇళ్లకు తనే వెళ్లి సీసాలు, సిరంజిలు చూసొచ్చారు. అందులో ఒకరి సీసా 40ది, సిరంజికి నారింజ రంగు మూత.

భవదీయురాలు,
ఒక షుగర్ పేషెంట్ కూతురు