పొగిడినవాళ్లందరూ సికోఫాంట్లేనా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఒక నాయకుణ్నో, నటుణ్నో ఎవరైనా కాస్త గట్టిగా మెచ్చుకుంటే చాలు, అవతలివాళ్లు 'సైకోఫాంట్' (స్వలాభం కోసం పెద్దలను పొగిడేవాడు) అని ముద్ర వేసేస్తున్నారు. టీవీ చర్చల్లో సరే, అక్కడ ఏ మాటకూ లెక్క ఉండదు. మీ పత్రిక వార్తల్లో కూడా అదే మాట ధారాళంగా కనిపిస్తోంది కాబట్టి ఈ ఉత్తరం.

ముందు రాత సంగతి. 'సైకో' అని మొదలయ్యేసరికి ఇదేదో పిచ్చికి సంబంధించిన మాట అనుకుంటున్నారు. 'సైకో ఫ్యాన్' అంటే పిచ్చి అభిమాని కదా అని అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు! ఆ సైకోకీ దీనికీ చుట్టరికమే లేదు. 'సికోఫాంట్' అని రాస్తే ఇంగ్లిష్ ఉచ్చారణకూ దగ్గరగా ఉంటుంది, సగం అపార్థమూ పోతుంది.

గ్రీకులో దీనికి అక్షరాలా అర్థం 'అంజూరపండు చూపించేవాడు'. ఆ పేరెందుకొచ్చిందో పండితులే తేల్చలేదు గానీ, ఎవరిని అలా పిలిచారో స్పష్టంగా తెలుసు. ప్రాచీన ఏథెన్స్‌లో ప్రభుత్వం తరఫున కేసులు నడిపే ప్రాసిక్యూటర్లు లేరు. ఏ పౌరుడైనా ఇంకొకడి మీద కేసు వేయొచ్చు. కొన్ని రకాల కేసుల్లో గెలిస్తే వసూలైన సొమ్ములో వాటా కూడా దక్కేది. ఇంకేముంది, డబ్బున్నవాళ్ల మీద లేనిపోని కేసులు పెట్టడం, పెడతామని బెదిరించి గుంజుకోవడం కొందరికి బతుకుతెరువైపోయింది. వాళ్లే సికోఫాంట్లంటే. ఈ బెడద తగ్గించడానికి, ప్రజా వ్యాజ్యాల్లో తీర్పు చెప్పే జ్యూరీ సభ్యుల ఓట్లలో కనీసం ఐదో వంతు రాకపోతే కేసు వేసినవాడికే 1,000 డ్రాక్మాల (అప్పటి గ్రీకు నాణేలు) జరిమానా వేసేవారు. ఇంగ్లిష్‌లోకి 16వ శతాబ్దంలో వచ్చినప్పుడు కూడా చాడీకోరు అన్న అర్థం ఉండేది. పెద్దల చెవిలో చాడీలు ఊదేవాడు ఆ పెద్దలను పొగడకుండా ఎలా ఉంటాడు? పొగడ్త అర్థమే చివరికి నిలిచింది.

అంటే ఈ మాటలో స్వలాభం మొదటినుంచీ ఉంది. తనకంటే పైనున్నవాణ్ని, ఏదో ఆశించి, నమ్మకం ఉన్నా లేకపోయినా పొగిడేవాడే సికోఫాంట్. అభిమాని అలా కాదు, మనసారా నమ్మి పొగుడుతాడు. అతని నమ్మకం తప్పు కావచ్చు, ఒక్కోసారి చూసేవాళ్లకు చిరాకు కూడా పుడుతుంది. అయినా పదవి పోయిన మర్నాడు కూడా అదే నాయకుడి గుమ్మంలో నిలబడేవాణ్ని మూర్ఖుడు అనండి, మొండివాడు అనండి. సికోఫాంట్ అనడం మాత్రం అన్యాయం. ఏ ఆధారమూ లేకుండా ఒకడి ఉద్దేశాల మీద నింద వేయడం ఏథెన్స్ సికోఫాంట్లు చేసిన పనే.

ఈ మాట ఇప్పుడు యంత్రాలకూ అంటుకుంది. 2025 ఏప్రిల్‌లో ఛాట్‌జీపీటీ కొత్త అప్‌డేట్, ఎవరేం చెప్పినా ఆహా ఓహో అంటోందని గొడవ మొదలైతే, దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ కొద్ది రోజుల్లోనే ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది. ఆ జబ్బుకు వాళ్లు వాడిన పేరు 'సికోఫాన్సీ'. యంత్రానికి స్వలాభమేమిటని అడగొచ్చు. వాడేవాళ్లు నొక్కే లైకులను శిక్షణలో కొలతగా చేర్చామని ఆ కంపెనీయే చెప్పింది. మెప్పు కోసం పొగడటం అక్కడా తప్పలేదన్నమాట.

నా విన్నపం చిన్నదే. ఎవరైనా ఈ మాట వాడితే, అన్నది ఎవరో చెప్పి కొటేషన్‌లో వేయండి. వార్త రాసే విలేకరి సొంత మాటగా వద్దు. సంపాదకీయంలో వాడక తప్పకపోతే, ఆ పొగిడినాయన దానివల్ల ఏం సంపాదించాడో కూడా రాయండి. ఇంగ్లిష్ మాటే ఎందుకు, భజనపరుడు, ఇచ్చకాలు చెప్పేవాడు, కాకా పట్టేవాడు అంటే అందరికీ తెలుస్తుంది. 'భట్రాజు' అని మాత్రం రాయకండి. అది ఒక కులం పేరు, ఆ పేరుతో బతుకుతున్నవాళ్లు మీ పత్రిక చదువుతుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు