తనిఖీకి వచ్చేవాళ్ళు మంచం దగ్గర కూర్చోవాలి

సంపాదకులకు నమస్కారం.

మా మేనత్తకు 81 ఏళ్ళు. పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన మనిషి. మావయ్య పోయాక మతిమరుపు జబ్బు ముదిరింది. ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేక ఏడాదిన్నర క్రితం బరంపురం వైపు ఒక వృద్ధాశ్రమంలో చేర్చాం. కొత్త బిల్డింగు, టైల్స్ నేల, గేటు పక్కన పూలమొక్కలు. అవి చూసే నమ్మాం. వెళ్ళినప్పుడల్లా ముందు రోజు ఫోన్ చేసి వెళ్ళేవాళ్ళం, అదీ మా తప్పే.

మొన్న వేసవిలో చెప్పకుండా వెళ్ళాను. సాయంత్రం నాలుగు గంటలు. అత్త పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. స్టీలు గ్లాసు నిండా నీళ్ళున్నాయి. కాకపోతే ఆ గ్లాసు కిటికీ గట్టు మీద ఉంది, మంచం మీంచి ఎంత చెయ్యి చాపినా అందదు. పట్టి తాగిస్తే గటగటా తాగేసి ఇంకా కావాలంది. అక్కడి ఆయా చెడ్డ పిల్ల కాదు. "ఆవిడ నీళ్ళు అడగలేదు" అని ఒడియాలో చెప్పింది. అత్త అడుగుతూనే ఉంది, "దాహం, దాహం" అని. ఒకప్పుడు బజార్లో ఒడియాలో బేరమాడిన మనిషికి జబ్బు ముదిరేకొద్దీ ఆ భాష జారిపోయి తెలుగొక్కటే మిగిలింది. ఆ పిల్లకేమో తెలుగు రాదు.

మంచం తలవైపు గోడకి చార్టు ఉంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టినట్టు వరసగా టిక్కులు, అన్నీ ఒకే పెన్నుతో. రాత్రి పది గంటల గడిలో కూడా టిక్కు పడి ఉంది! నడుము కింద చూస్తే రూపాయి బిళ్ళంత మేర చర్మం కంది ఉంది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. మంచానపడ్డవాళ్ళకు పుండు మొదలయ్యేది అలాగే. తర్వాత తెలిసింది, రాత్రి పూట ఇరవై మందికి పైగా ఉన్న ఆ అంతస్తుకి ఒక్కతే ఆయా అట. ఒక్క మనిషి అంతమందిని రెండు గంటలకోసారి ఎలా తిప్పుతుంది? అందుకే ముందే టిక్కులు పెట్టేస్తున్నారు.

అంతకు వారం ముందే అక్కడ తనిఖీ జరిగిందట. రిజిస్టర్లు, వంటగది చూసి ఫోటో దిగి వెళ్ళిపోయారట. రిజిస్టరులో ఏ లోపమూ కనిపించి ఉండదు.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దిక్కులేని పేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, కనీసం 150 మంది పట్టే ఆశ్రమాలు రాష్ట్ర ప్రభుత్వం పెట్టవచ్చని అందులో ఉంది. ప్రైవేటు ఆశ్రమాలన్నీ రిజిస్టరు కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అంటూ 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. 14567 హెల్ప్‌లైన్ ఉంది, మంచిదే. కానీ మా అత్త ఫోన్ చెయ్యగలదా?

కాబట్టి గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల కలెక్టర్లకు మీ పత్రిక ద్వారా మనవి. తనిఖీ చీకటి పడ్డాక, చెప్పకుండా జరగాలి. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి. లేవలేనివాళ్ళ వీపు, నడుము, మడమలు చూడాలి. నెలనెలా బరువు తూచారా, తగ్గితే ఏం చేశారు అని అడగాలి. అన్నిటికంటే ముందు, మేనేజరు పక్కన లేకుండా ఒక అరగంట మంచం దగ్గర కూర్చోవాలి, తెలుగు తెలిసినవాళ్ళను వెంటబెట్టుకుని. 1936లో ఒడిశా ఏర్పడక ముందునుంచీ ఈ ఊళ్ళలో తెలుగు, ఒడియా ఒకే వీధిలో వినిపిస్తున్నాయి, అలాంటి మనిషి దొరకడం కష్టం కాదు.

ఆ రోజు నేను దాహం, నొప్పి, బాత్రూం, చలి అనే మాటలు ఒడియా అక్షరాల్లో రాసి, పక్కన అర్థం పెట్టి ఆయాకి ఇచ్చాను. మళ్ళీ వారం వెళ్తే ఆ కాగితం గోడకి అంటించి ఉంది, గ్లాసు మంచం పక్క స్టూలు మీదకి వచ్చింది. ఆ పిల్ల "దాహమా?" అని అత్తని అడుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. చార్టు మాత్రం మారలేదు. నిన్న ఆదివారం మధ్యాహ్నం వెళ్ళినప్పుడూ రాత్రి పది గంటల గడి నిండే ఉంది. దాన్ని ఫోటో తీసి, అర్జీతో సహా సబ్-కలెక్టరు ఆఫీసులో ఇచ్చాను.

ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా