తేనెతో పాటు రాస్తున్నది

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. మామిడి కోతల్లో పడి జవాబు రాయలేకపోయా, తిట్టుకోకు. నా తేనెటీగలెలా ఉన్నాయని అడిగావుగా, ఈసారి వాటి సంగతే.

సంక్రాంతికి మీ పిల్లలకు చూపిద్దామని పొద్దున్నే మంచులో పెట్టె మూత తీసి, చట్రం బయటికి లాగి, పావుగంట కబుర్లు చెప్పానా? అలా చెయ్యకూడదట్రా! చట్రంలోని గదుల్లో మైనం మూతల కింద ప్యూపాలుంటాయి, అంటే ఇంకా ఈగలుగా మారుతున్న పిల్లలు. అక్కడి వేడిని కూలి ఈగలు 34.5 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతాయి. చలేస్తే రెక్కలు కదపకుండా వాటి కండరాలను మాత్రం వణికించి ఒళ్లు కాచుకుని, మూతకు రొమ్ము ఆనించి ఉండిపోతాయి. మధ్యలో ఖాళీ గది దొరికితే అందులో దూరి చుట్టుపక్కల గదులకు వేడి పంచుతాయి. ఆ ఒకటీ అరా ఖాళీలు చూసి, రాణి సరిగ్గా గుడ్లు పెట్టట్లేదని ఇన్నాళ్లూ దాన్ని ఆడిపోసుకున్నా!

ఇంత తంటా దేనికంటే, మెదడు కోసం. జర్మనీలో వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్యూపాలను 29 నుంచి 37 డిగ్రీల దాకా రకరకాల వేడిలో పెంచి, ఈగలయ్యాక మెదళ్లు పరీక్షించారు. 2004లో అచ్చయింది. మెదడులో వాసనల కబురు చేరే చోట నరకణాలు ఒకదానితో ఒకటి ముడిపడే గుత్తులుంటాయి. అవి 34.5 దగ్గరే అన్నిటికంటే ఎక్కువ. ఒక్క డిగ్రీ పెరిగినా తగ్గినా వాటి లెక్క పడిపోయింది. పక్కనే చూపు కబురు చేరే చోట మాత్రం అంత తేడా లేదు. ఒకే పొయ్యి మీద రెండు గిన్నెలు పెడితే ఒకటే మాడినట్టు! అంతకు ముందు ఏడాది ఇంకోటి చూశారు: 32లో పెరిగినవి పైకి మామూలుగానే ఉన్నాయి గానీ, పూలున్న చోటు చెప్పే నాట్యంలో 36లో పెరిగినవాటికంటే తక్కువ చుట్లు తిరిగాయి.

అలాగని చలి చెడ్డదని తేల్చెయ్యకు. బెర్లిన్‌లో పండ్ల ఈగలతో చేసిన పని 2021లో వచ్చింది. అక్కడ 25లో కంటే 19 డిగ్రీల్లో పెరిగినవాటికే ముడులెక్కువ. చల్లదనానికి ఎదుగుదల నిదానిస్తుంది, నరకణం చాచిన సన్నటి వేళ్లు ఎక్కువసేపు నిలిచి ఎక్కువ మందిని పట్టుకుంటాయి. పెళ్లి బంతిలో నిదానంగా తినే మన బాబాయి వచ్చిపోయేవాళ్లందరితో చుట్టరికం కలిపేస్తాడే, అదే తంతు.

నా పావుగంటకే ఈగలు మొద్దుబారాయని కాదులే, వాళ్లు రోజుల తరబడి ఒకే వేడిలో ఉంచారు. అయినా వచ్చే చలికాలం నుంచి ఎండెక్కాకే మూత తీస్తా.

ఇప్పుడు మాత్రం వడగాడ్పుల గొడవ. ద్వారం దగ్గర వరసగా నిలబడి రెక్కలతో విసురుతున్నాయి, నీళ్లు మోసుకెళ్లి లోపల పూస్తున్నాయి. మునిగి చావకుండా తొట్టిలో కొబ్బరిపీచు వేశా, దానిమీద వాలి తాగుతున్నాయి. పెట్టెలపైన తాటాకు కప్పా.

తేనె సీసా మీ బావమరిది చేత పంపుతున్నా. ఖాళీ సీసా మాత్రం తిరిగి పంపించు, పోయినసారివి రెండు నీ దగ్గరే ఉన్నాయి.

నీ
సుబ్బారావు