రమణకి ఉత్తరం: నీ డబ్బా ఇంటి గీత చూశాక

ఒరేయ్ రమణా,

నువ్వు పంపిన గీత చూశాను. రెండు నలభై అడుగుల కంటైనర్లు పక్కపక్కన, మధ్య గోడలు లేపేసి పెద్ద హాలు, కప్పు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, పడమటి పక్కంతా అద్దాలు. బొమ్మ ముచ్చటగా ఉంది. కానీ రెంటచింతల ఎండకి ఆ ఇంట్లో మనుషులు ఉండరు, వడియాలు ఎండుతాయి.

ముందు ఒక్క మాట బుర్రకెక్కించుకో. కంటైనర్ బలమంతా నాలుగు మూల స్తంభాల్లో ఉంది. ఓడ మీద ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు బరువంతా మూల దిమ్మెల మీదుగానే కిందికి దిగుతుంది. కప్పు రేకు మందం 2 మిల్లీమీటర్లు, పక్క గోడ 1.6. తయారీ పరీక్షలో కప్పు మీద పెట్టేది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు జాగాలో 300 కిలోలు, అంతే. నీ ట్యాంకు నిండితే టన్ను పైమాటే. దానికి వేరే స్టాండు కట్టు, కప్పు జోలికి పోకు.

మధ్య గోడల సంగతీ ఇంతే. గోడ రేకు పల్చనే అయినా ఆ మడతల వల్లే డబ్బా బిగుసుకుని ఉంటుంది. దాన్ని కోసేస్తే పైన మిగిలేది 60 మిల్లీమీటర్ల చదరపు పైపు. నలభై అడుగుల పొడవునా అది నిలబడదు, నడుం వంచేస్తుంది. హాలు కావాలంటే గోడ మొత్తం తీయకు. ఎనిమిది, పదడుగుల ఖాళీ వదులు, రెండు పక్కలా 100 మిల్లీమీటర్ల బాక్సు స్తంభాలు, పైన అదే సైజు దూలం వెల్డు చేయించు. కొయ్యకముందే దూలం పడాలి. కోశాక పెడదామంటే అప్పటికే కప్పు దిగి ఉంటుంది.

కొనేటప్పుడు హై క్యూబ్ అని అడుగు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తుది. మామూలు దాని లోపలి ఎత్తు దాదాపు ఏడడుగుల పది అంగుళాలు. కింద ఫ్లోరింగు, పైన వేడి ఆపే ఫోము, దాన్ని కప్పే బోర్డు పోతే ఏడున్నర మిగులుతుంది. అందులో సీలింగ్ ఫ్యాను పెట్టి చొక్కా విప్పావంటే చేతివేళ్లు లెక్కపెట్టుకోవాలి. హై క్యూబ్‌లో పొట్టి రాడ్డు ఫ్యాను సరిపోతుంది. లోపలి వెడల్పు మాత్రం ఏ రకమైనా ఏడడుగుల ఎనిమిది అంగుళాలే, ఫోము, బోర్డు పోగా ఏడూ పావు. ఆరున్నర అడుగుల మంచం అడ్డంగా వేస్తే కాళ్ల వైపు నడవడానికి దారి ఉండదు.

డబ్బాలు అమ్మే యార్డులో నిన్ను లోపల పెట్టి తలుపులు మూయమను. రెండు నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఎక్కడ చుక్కంత వెలుగు కనిపిస్తే అక్కడ చిల్లు. బయటికొచ్చి తలుపు కింది పట్టీ, గోడ అడుగు అంచు సుత్తితో తట్టు. ఖంగుమంటే ఇనుము, మొద్దుగా మోగితే తుప్పు. డబ్బా కింద అడ్డ దూలాలు తప్పకుండా చూడు. పైన రంగు కొట్టి అమ్మేవాళ్లు కిందికి ఎవడు వంగుతాడులే అనుకుంటారు. తలుపు మీద బిగించిన ప్లేటులో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, చెక్కకి ఏ మందు పట్టించారో కూడా రాసి ఉంటుంది. ఆ నేల 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పురుగు పట్టకుండా మందు పట్టించింది. పైగా అందులో ఏ సరుకు ఒలికిందో ఎవడికి తెలుసు. బాగా కడిగి ఆరబెట్టి, రెండు చేతులు ఎపాక్సీ కొట్టి, ఆ పైన సిమెంటు బోర్డు, వినైల్ వెయ్యి. నూనె మరకలు, ఘాటు వాసన ఉంటే ప్లైవుడ్డే మార్చెయ్.

పునాది దగ్గర కక్కుర్తి పడకు. నీది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. రెండడుగుల దిమ్మెలు కట్టి పెడితే ఒక మూల లేస్తుంది, డబ్బా మెలిపడుతుంది, తలుపులు పట్టేస్తాయి. అందరూ తలుపుని తిడతారు, తప్పు కింద ఉంటుంది. రేగడికి అడుగున ఉబ్బెత్తు చేసిన అండర్ రీమ్డ్ పైల్సే, అంటే నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలే దారి. మామూలుగా మూడున్నర మీటర్ల లోతు, ఉబ్బు వెడల్పు పైలు వెడల్పుకి రెండున్నర రెట్లు. మీ వైపు ముందే గట్టి రాయి తగలొచ్చు, అప్పుడు ఇంజనీరు చూసి ఆపమంటే ఆపు. ఒక్కో డబ్బాకి నాలుగు మూలలా నాలుగు, గోడ కోసిన చోట స్తంభాల కింద ఇంకో రెండు. నేల నుంచి రెండడుగుల ఎత్తు ఉండాలి. కింద గాలి ఆడాలి, చెద కనిపించాలి, పాము దూరినా కర్రకి అందాలి. పైన 12 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు పొదిగి, నీళ్ల గొట్టంతో లెవెల్ చూడు. మూలమూలకీ అయిదు మిల్లీమీటర్లు మించి తేడా రాకూడదు. ఒక చివర మూలలు వెల్డు చేయించి, రెండో చివర పక్కకి జరగకుండా గైడు పట్టీలు మాత్రం పెట్టు. నలభై డిగ్రీల తేడాకి నలభై అడుగుల ఇనుము ఇంచుమించు ఆరు మిల్లీమీటర్లు సాగుతుంది.

రెండు డబ్బాల మధ్య సందుని సిలికాన్‌తో నింపేస్తామంటారు. ఒకటి నీడలో, ఒకటి ఎండలో ఉంటే ఒకటి సాగుతుంది, ఇంకోటి సాగదు. రెండో వానాకాలానికి హాలు నడిమధ్య బొట్టుబొట్టుగా పడుతుంది. పైనుంచి రేకు టోపీ వెయ్యి, ఒక అంచు మాత్రమే బిగించు.

ఇక వేడి. అసలు గొడవంతా ఇదే. ఎండకి ఆ కప్పు పెనమే. లోపల ఎంత ఫోము పెట్టినా మొదటి మందు నీడ. డబ్బాల మీద అడుగున్నర ఖాళీ వదిలి 0.5 మిల్లీమీటర్ల గాల్వాల్యూమ్ (అల్యూమినియం, జింకు పూత ఉన్న) రేకుతో రెండో కప్పు వెయ్యి. చుట్టూ మూడడుగులు బయటికి రావాలి, మధ్యలో గాలి పారాలి. దాని కాళ్లు నేల మీదైనా నిలవాలి, మూల దిమ్మెల మీదైనా. పొడుగు వైపు ఉత్తర దక్షిణాలకి, చిన్న చివరలు తూర్పు పడమరలకి తిప్పు. పడమట కిటికీ వద్దు. వాస్తు పంతులు ఏమంటాడో తెలీదు, ఎండ మాత్రం ఇదే అంటుంది.

లోపల గోడకీ కప్పుకీ రెండంగుళాల స్ప్రే ఫోము కొట్టించు, గాలి చొరని రకం. రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూదిలాంటిది) చవకే, మంటకీ మంచిదే, కానీ ఇక్కడ ఒక చిక్కుంది. ధనుర్మాసం చలిలో రాత్రి కప్పు రేకు బయటి గాలి కంటే చల్లబడుతుంది. నీ ఊపిరి తేమ, వంట ఆవిరి సందుల్లోంచి వెళ్లి రేకు అడుగున నీళ్లవుతాయి. రాక్‌వూల్ తడిసి జారుతుంది, లోపలి నుంచే తుప్పు మొదలవుతుంది, బోర్డు వెనకాల కాబట్టి కనబడదు. ఫోము రేకుకి అంటుకుని ఉంటే తేమ చేరదు. ఫోముకి మాత్రం నిప్పంటుకుంటే విషపు పొగ వస్తుంది. అందుకే పైన సిమెంటు బోర్డో జిప్సమ్ బోర్డో తప్పనిసరి, వెల్డింగ్ పనంతా ఫోము కొట్టకముందే పూర్తవ్వాలి. వంటింట్లో ఎగ్జాస్టు ఉండాలి. బాత్రూమ్ మటుకు డబ్బాలో పెట్టకు, పక్కన ఇటుకతో కట్టు. ప్లైవుడ్ మీద టైల్స్ వేస్తే ఎన్నాళ్లో నిలవవు.

కిటికీలు గ్యాస్ కట్టర్‌తో కొయ్యనీయకు, ప్లైవుడ్ అంటుకుంటుంది. గ్రైండర్ చాలు. గోడ మడత లోతు 36 మిల్లీమీటర్లు, కాబట్టి చుట్టూ 50 మిల్లీమీటర్ల బాక్సు ఫ్రేము పెడితే రెండు వైపులా కప్పుతుంది. వెల్డు ఒకే గీతలా లాగితే పల్చని రేకు అలలు తేలుతుంది. అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ వేసుకుంటూ తర్వాత కలపమను. కిటికీ పైన నీటి బొట్టు జారే పట్టీ మరిచిపోకు. కోసినప్పుడు ఎగిరిన ఇనుప రజను అదే సాయంత్రం ఊడ్చెయ్యాలి, లేకపోతే మంచుకి రంగు మీద ఎర్రచుక్కలు లేస్తాయి.

కరెంటు దగ్గర పరాచికాలు లేవు, ఇల్లంతా ఇనుమే. రెండు డబ్బాల ఇనుమునీ ఎర్తు పిట్‌కి కలిపించు, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) పెట్టించు. వైరు రేకులోంచి దూరే ప్రతి చిల్లుకీ రబ్బరు గ్రామెట్ (అంచుకి తొడిగే రింగు) ఉండాలి. అది లేకపోతే అంచు వైరు తోలు కోసేస్తుంది.

తర్వాత పోషణ. ఏటా మృగశిరకి ముందు నిచ్చెన వేసుకుని రెండు కప్పులూ చూడు. నీళ్లు నిలిచే గుంట, ఆకులు చేరిన మూల, వెల్డు చేసిన చోట్లు, తలుపు కింది అంచు, తుప్పు ముందు పట్టేది వీటికే. డబ్బాది కార్టెన్ స్టీలు, అంటే పైపొర తుప్పే లోపలి ఇనుముని కాపాడే రకం కదా, తుప్పు పట్టదు అంటారు. తడిసి ఆరుతూ ఉంటేనే ఆ మాట, నీళ్లు నిలిస్తే మామూలు ఇనుములానే పోతుంది. గీకి, మెరిసేదాకా రుద్ది, అదే రోజు జింక్ ఎపాక్సీ ప్రైమరు, పైన పీయూ (పాలీయురేతేన్) రంగు కొట్టు. ఒట్టి రెడ్ ఆక్సైడ్‌తో సరిపెట్టకు. కీళ్లకి కొట్టే సీలెంటు కూడా పీయూదే కొను, సిలికాన్ మీద రంగు నిలవదు.

ట్రైలరు వచ్చే దారిలో వంపులు, కరెంటు తీగలు ముందే చూసుకో. డబ్బా దించే హైడ్రా క్రేను నిలబడే చోట రేగడి తడిగా ఉంటే ఆ రోజు పని ఆపెయ్. అడ్వాన్సు ఇచ్చేలోపు డబ్బా అడుగు భాగం, తలుపు కింది పట్టీ, ఆ ప్లేటు ఫోటోలు నాకు పంపు. పైకప్పు ఫోటో అమ్మేవాడే పంపుతాడు, అది అక్కర్లేదు.

నీ
శ్రీను