హెడింగా, నావా? ముందు పైన చూడండి

అందరికీ నమస్కారం అండి. నిన్న విమానం సిమ్యులేటర్‌లో ధవళేశ్వరం నుంచి అంతర్వేదికి బయల్దేరాను. జీపీఎస్‌లో రూట్ పెట్టాను గానీ ఆటోపైలట్ (విమానాన్ని దానంతటదే నడిపేది) హెడింగ్ మోడ్‌లోనే ఉండిపోయింది. 15 నాట్ల పడమర గాలి. 20 నిమిషాల్లో ఎడమకి దాదాపు 9 కిలోమీటర్లు కొట్టుకుపోయాను, అమలాపురం వైపు!

హెడింగ్ మోడ్ విమానం ముక్కును మనం పెట్టిన దిక్కుకి మాత్రమే పట్టుకుంటుంది, గాలి సంగతి దానికి పట్టదు. నావ్ (నావిగేషన్) మోడ్ అయితే రూట్ గీత మీదే ఉంచుతుంది. మన రేవులో పడవవాడు ఎదుటి గట్టుకి చేరాలని ఎగువకి తిప్పి నడుపుతాడే, అలాగన్నమాట.

నావ్ బటన్ నొక్కగానే సరిపోదండోయ్. చాలా ఆటోపైలట్లలో తెర పైన కనిపించే నావ్ అక్షరాలు తెల్లగా ఉంటే ఇంకా ఎదురుచూస్తోందని, పచ్చబడితేనే గీతని పట్టుకుందని అర్థం. దారి చూపే సూది జీపీఎస్ మీద ఉందో, వీఓఆర్ (నేల మీది రేడియో కేంద్రం) మీద ఉందో కూడా చూసుకోండి. ఆదివారం స్క్రీన్‌షాట్లు పెడతాను.