యేసు ఉన్నాడా అన్నది వేరు, దేవుడా అన్నది వేరు

సంపాదకుడు గారికి,

యేసు అనే మనిషి అసలు పుట్టనే లేదని ఒకరు, పుట్టాడనడానికి తవ్వకాల్లో తిరుగులేని రుజువులు దొరికాయని మరొకరు రాసిన ఉత్తరాలు మీ పత్రికలో చదివాను. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఆ రెండు కటింగులూ తెచ్చి "ఏది నిజం మాస్టారూ?" అని అడిగాడు. రెండింట్లోనూ ఏ ఆధారం ఎప్పటిదో, ఎవరు రాసిందో సరిగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ కాలపు రోమన్ రికార్డుల్లో పేరు లేదు కాబట్టి యేసు లేడంటారు మొదటి ఆయన. పేరు లేదన్నది నిజమే. కానీ రోమన్ గవర్నరుగా యూదయను (యెరూషలేము ఉన్న ప్రాంతాన్ని) పదేళ్లు ఏలిన పొంతి పిలాతు పేరున్న శాసనమే 1961 దాకా దొరకలేదు. ఇప్పటి ఇజ్రాయెల్ తీరంలోని కైసరయలో పాత నాటకశాలలో ఎవరో మెట్టుగా వాడేసిన రాయి మీద బయటపడింది. గవర్నర్ సంగతే అలా ఉంటే, గలిలయ పల్లెటూరి వడ్రంగి పేరు రికార్డుల్లో ఉండి తీరాలనడం న్యాయమేనా?

రెండో ఆయన యూదు చరిత్రకారుడు జోసీఫస్ మాటలను యథాతథంగా ఇచ్చారు. క్రీ.శ. 93-94 ప్రాంతంలో ఆయన రాసిన యూదుల ప్రాచీన చరిత్ర గ్రంథం 18వ భాగంలో "ఆయనే క్రీస్తు" అని ఉంది. క్రైస్తవుడు కాని జోసీఫస్ అలా రాయడని, ఆ మాట తర్వాత నకలు రాసినవాళ్లు చేర్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఈ సంగతి దాచకూడదు. నాకు 20వ భాగమే గట్టిగా కనిపిస్తుంది. అక్కడ అసలు కథ ఒక ప్రధాన యాజకుడి పదవి పోవడం గురించి. ఆయన రాళ్లతో కొట్టించిన యాకోబు ఎవరో తెలియడానికి, క్రీస్తు అనబడే యేసు సోదరుడని ఒక్క ముక్క చెప్పి జోసీఫస్ ముందుకు వెళ్లిపోతాడు. పొగడ్త లేదు, మహిమ లేదు.

అంతకంటే ముందటిది తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు రాత. సిలువ సంఘటన తర్వాత రెండు మూడు దశాబ్దాల లోపే గలతీయులకు రాసిన ఉత్తరంలో, యెరూషలేములో యేసు శిష్యుడు పేతురు దగ్గర 15 రోజులున్నానని, ప్రభువు సోదరుడు యాకోబునూ చూశానని చెప్పాడు. సోదరుడంటే తోటి విశ్వాసి అని అర్థం తీసేవాళ్లున్నారు. మరి అదే చోట పేతురును ఎందుకు అలా అనలేదు? క్రీ.శ. 116 ప్రాంతంలో రాసిన రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా క్రీస్తుకు పిలాతు వేసిన మరణశిక్ష గురించి చెప్పాడు, కాకపోతే ఆయన విన్నది క్రైస్తవుల నుంచే కావచ్చు.

ఇక యేసు దేహానికి చుట్టిన బట్ట అని కొందరు చెప్పే ట్యూరిన్ వస్త్రాన్ని రుజువుగా చూపడం ఆపాలి. 1988లో కార్బన్ పరీక్ష చేస్తే ఆ బట్ట క్రీ.శ. 1260-1390 మధ్యదని తేలింది.

యేసు అనే ఒక యూదు బోధకుడు ఉన్నాడు, పిలాతు కాలంలో సిలువ మీద చనిపోయాడు. ఇంతవరకు, దేవుణ్ణి నమ్మని బార్ట్ ఎర్మన్ లాంటి పండితులతో సహా, చరిత్రకారుల్లో అత్యధికులు ఒప్పుకుంటారు. పునరుత్థానం సంగతి శాసనాలతో తేలేది కాదు. అది విశ్వాసానికి సంబంధించింది. యేసు ఉన్నాడని ఒప్పుకుంటే మతం మారినట్టు కాదు, జోసీఫస్ గ్రంథంలో చేర్పులున్నాయంటే క్రైస్తవులను అవమానించినట్టూ కాదు.

ఈ చర్చ మీ పేజీలో కొనసాగించండి. కాకపోతే ఉత్తరం వేసే ముందు, చూపిన ఆధారం ఏ ఏడాదిదో, ఎవరి రాతో రాసినవారిని అడిగి, అదీ కలిపి అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి